నిలబడ్డ బండి తాగిన డీజిల్

మా నెల్లూరు వైపు కొత్తగా బండి కొన్నవాడిని ధర అడగరు. రంగు బాగుందనీ అనరు. చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని చూసి, "ఎంతిస్తాండాది?" అంటారు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అర్థం. ఈ ప్రశ్నకు ఒక మర్యాద ఉంది. చెప్పేవాడు మూడు కలిపి చెబుతాడు, వినేవాడు మూడు తీసేసి వింటాడు. మొత్తం మీద నిజానికి పెద్దగా దెబ్బ తగలదు. నా కారు లీటరుకు ఇరవై ఇస్తుందని నేనూ చెబుతుంటాను. ఇచ్చింది కూడా, కావలి పోతూ హైవే మీద ఒకసారి.

ఈ మర్యాద తెలియని మనిషి మా బావ. అక్క మొగుడు. అల్లూరు దాటి సముద్రం వైపు పోతే రొయ్యల గుంటలున్నాయి, అందులో రెండు ఆయనవి. చర్చిలో సంఘ పెద్ద కూడా కావడంతో అబద్ధం ఆడే సౌకర్యం లేదు. ఆయనకొక పాత డీజిల్ పికప్ ఉంది. ముందు రెండు వరుసల సీట్లు, వెనక పొట్టి తొట్టి. ఎవరడిగినా "పన్నెండు" అనేవాడు. అది పన్నెండే ఇచ్చేది. విన్నవాళ్ళు అలవాటు కొద్దీ మూడు తీసేసి తొమ్మిదిగా అర్థం చేసుకునేవాళ్ళు. అందుకే మొన్న ఎండాకాలంలో అది నిజంగానే తొమ్మిదికి పడిపోయినప్పుడు, మా బావ తప్ప ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

నాకు ఫోన్ వచ్చింది.

"అబ్బయ్యా, బండి అమ్మేస్తుండా. చిల్లకూరు నుంచి నిమ్మకాయల వ్యాపారి సోమవారం సాయంత్రం వస్తానన్నాడు. నువ్వొచ్చి మీ అక్కకి కాస్త చెప్పిపో."

ఆయన పెట్టేసిన వెంటనే అక్క చేసింది.

"రారా, తప్పకుండా రా. చెప్పాల్సింది మాత్రం నాకు కాదు."

విషయమేమిటంటే, నలభై దాటాక మా అక్క ఆ ఎండాకాలంలోనే డ్రైవింగ్ నేర్చుకుంది. అంతకు ముందు ఆమె నెల్లూరు రావాలంటే బావకు తీరిక దొరకాలి. రొయ్యలు పెంచేవాడికి తీరిక పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టి అమ్మేసిన రోజు, సాయంత్రం తప్ప దొరకదు. చివరికి విసుగొచ్చి, ఒక ట్రైనింగ్ స్కూలు ఆయన దగ్గర నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, పికప్ తాళం కొంగుకు ముడేసుకుంది. మేత బస్తాలు ఆమే తెస్తుంది. శుక్రవారాల్లో చర్చి స్త్రీల కూటానికి పోయేవాళ్ళను ఇంటింటికీ ఆగి ఎక్కించుకుంటుంది. కంటి పరీక్షకు తానే నెల్లూరు వచ్చి, మా ఇంటి ముందు హారన్ కొట్టి, లోపలికి రాకుండా కిటికీలోంచే మాట్లాడి వెళ్ళిపోయిన రోజు నాకు బాగా గుర్తు. లోపలికి వస్తే బండి నడిపిన సంగతి ఎవరికీ కనిపించదు కదా.

ఆమె స్టీరింగ్ పట్టిన ఎండాకాలమూ, మైలేజీ పడిపోయిన ఎండాకాలమూ ఒకటే. మా బావకు ఇంకే ఆధారమూ అక్కర్లేదు. పికప్ అమ్మేస్తే ఆయన మోటార్ సైకిల్‌తో సరిపెట్టుకుంటాడు. మా అక్క మళ్ళీ ఆయన తీరిక కోసం ఎదురుచూస్తుంది.

నన్నెందుకు పిలిచారంటే, నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. చదివి బ్యాంకులో పనిచేస్తున్నాను. అయినా మా ఇంట్లో మిక్సీ నుంచి విమానం దాకా ఏది చప్పుడు చేసినా నా అభిప్రాయం అడుగుతారు. దాన్ని పాటించిన దాఖలాలు మాత్రం లేవు.

శనివారం పొద్దున్నే వెళ్ళాను. గుంట గట్టు మీద, షెడ్డు ముందర, వేపచెట్టు కింద పికప్ నిలబడి ఉంది. ట్యాంకు మూత తాళం ఎప్పుడో పోయినట్టుంది, గుడ్డ పీలిక చుట్టి బిగించారు. బావ కుర్చీ వేసి కేసు వినిపించాడు.

"మీ అక్క మూడో గేర్లో సంసారం చేస్తాదబ్బయ్యా. నాలుగు వెయ్యదు. ఐదనేది ఒకటుందని చెప్తే నమ్మదు."

"ఐదు వేసుకుని యాడికి పోవాల? ఆ గతుకుల్లో?" వంటింట్లోంచి అక్క.

"చూసినావా? ఒప్పుకునింది."

"ఏం ఒప్పుకున్నా నేను?"

"బండి తాగతాండాది. ఈ డీజిలంతా యాడికి పోతాండాది? అదే నా జనరేటర్ చూడు." ఆయన గొంతు మారింది. పిల్లల మార్కులు చెప్పేటప్పుడు తండ్రులకు ఆ గొంతు వస్తుంది. "డ్రమ్ము నింపి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. ఇంకా సగం కూడా దిగలా. కరెంటు ఇన్నిసార్లు పోతాంటే కూడా! దాన్ని చూసేదానికి పక్కూరోళ్ళు వచ్చిపోతుండారు."

నన్ను కూడా తీసుకెళ్ళి చూపించాడు. జనరేటర్ మీద తువ్వాలు కప్పి ఉంది. డ్రమ్ము తట్టి చూపించాడు. నిండుగానే పలికింది. నేను మెచ్చుకున్నాను. ఇంజనీరునై ఉండి ఆ మెచ్చుకోలు దగ్గరే ఆగిపోయాను.

నాకు నిజంగానే కుతూహలం పుట్టింది. అదే బండి, అదే రోడ్డు, అదే బంకు. లీటరుకు మూడు కిలోమీటర్లు ఎక్కడికో పోతున్నాయి. కిలోమీటర్లు పారేసుకోవడం అంత తేలిక కాదు. టైర్లలో గాలి చూశాను, బాగానే ఉంది. ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపాను. సముద్రం దగ్గర ఇసుక, ఉప్పు ఉంటాయి కదా అనుకున్నాను. అందులోంచి రాలింది ఎండిన వేపాకులు. కింద దూరి చూశాను, ఎక్కడా కారడం లేదు. చొక్కా మాత్రం పాడైంది.

స్త్రీల కూటం బరువు సంగతి బావ ఎత్తాడు. "వెనక తొట్టిలో కూడా కూర్చుంటారబ్బా. పాటలు పాడతా పోతారు. ఇంజనుకి ఎంత కష్టం!"

"పాటలకి డీజిల్ తాగుతాదా?" అంది అక్క.

"మీరు పాడే పాటలకి తాగుతాది."

ఇక గాలి సంగతి. మధ్యాహ్నమైతే మా వైపు సముద్రం మీద నుంచి గాలి తిరుగుతుంది. నెల్లూరు నుంచి ఇంటికి వచ్చేటప్పుడు అది ఎదురు. పికప్ అంటే గాలికి అడ్డంగా పెట్టిన బీరువా లాంటిది. అక్క ఎప్పుడూ మధ్యాహ్నమే తిరిగొస్తుంది. బావ తోలినన్నాళ్ళూ పొద్దున్నే పోయి ఎండ ఎక్కకముందే వచ్చేసేవాడు. ఈ సిద్ధాంతం నాకు చాలా నచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఉన్నదంతా బంగాళాఖాతానిదే. భార్యాభర్తల మధ్య ఇంతకంటే మంచి ముద్దాయి దొరకదు.

పరీక్ష పెడదామన్నాను. ట్యాంకు నిండా పోయించి, బావ నెల్లూరు పోయి రావాలి. మళ్ళీ నిండా పోయించి, ఎంత పట్టిందో చూడాలి. తర్వాత అక్క అదే రోడ్డు. ఇద్దరి పక్కనా నేను.

బంకులో నిండా అంటే ఏమిటన్న విషయం మీద కొంత చర్చ జరిగింది. పైపు దానంతటది టక్కుమని ఆగితే నిండినట్టు అని బంకు కుర్రాడి అభిప్రాయం. మా బావ ఫుట్‌బోర్డు మీదికెక్కి, పైన కడ్డీ పట్టుకుని బండిని అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాడు.

"ఏంది బావా?"

"లోపల గాలి ఉంటాదబ్బా. ఊపితే దిగతాది. ఇప్పుడు పొయ్యి."

"పొంగతాది అన్నా!"

"పొంగినాక ఆపు."

పొంగాక ఆపాడు. వెనక క్యూలో ఉన్న ఆటోవాడు దిగొచ్చి, ఏదో రిపేరనుకుని రెండో వైపు పట్టుకుని తానూ ఊపాడు. మా వైపు జనం సాయానికి వెనకాడరు.

బావ నడిపాడు. ఆయన డ్రైవింగ్‌లో ఒక కళ ఉంది. మా ప్రాంతమంతా బల్లపరుపు. దిగుడు అనేది ఫ్లైఓవర్ల మీదా, వంతెనల మీదా తప్ప దొరకదు. అది దొరికినచోట ఆయన న్యూట్రల్ చేసి, మాటలాపేసి, ఊపిరి కూడా తక్కువగా తీసుకుంటూ బండిని జారనిస్తాడు. పెన్నా వంతెన దిగి అవతల ఎంత దూరం దొర్లిందో చూసి సంతోషపడతాడు. అంతా దొర్లాక, పోయిన టైమును రాబట్టడానికి గట్టిగా తొక్కుతాడు. పన్నెండుకు కాస్త తక్కువ వచ్చింది.

మధ్యాహ్నం అక్క నడిపింది. ఆమె ఎవరినీ దాటదు. ఎవరైనా దాటితే బాధపడదు. గేదెలు ఎదురైతే అవి నిర్ణయం తీసుకునేదాకా నింపాదిగా ఆగుతుంది. వచ్చేటప్పుడు నేను రుమాలు కిటికీ బయట పట్టుకుని చూశాను. గాలి ఎదురే. గట్టిగానే ఉంది. నా సిద్ధాంతం మీద నాకు గౌరవం పెరిగింది. రుమాలు మాత్రం పోయింది.

బంకులో మళ్ళీ ఊపడానికి బావ స్వయంగా వచ్చాడు. లెక్క వేస్తే పన్నెండున్నర.

బంగాళాఖాతం నిర్దోషి అని తేలింది. మా అక్క నిర్దోషి కంటే ఒక అర ఎక్కువ.

"ఒక్క రోజు లెక్క లెక్కగాదు," అన్నాడు బావ. "నువ్వు పక్కనుండావని ఒళ్ళు దగ్గర పెట్టుకుని తోలింది. నెల మొత్తం చూస్తే తొమ్మిదే. నేను రోజూ చూసుకుంటా ఉండానా లేదా? అబద్ధం చెప్తానా?"

చెప్పడు. చిక్కంతా అక్కడే ఉంది. చూసినప్పుడు పన్నెండు ఇస్తున్న బండి, చూడనప్పుడు తొమ్మిది ఇస్తోంది. నడిచేటప్పుడు సరిగ్గానే తాగుతోందంటే, ఇక మిగిలింది నిలబడినప్పుడే.

"ఎవరన్నా డీజిల్ తీస్తున్నారేమో బావా," అన్నాను మెల్లగా.

ఆయన నా వైపు చూసిన చూపులో సంఘ పెద్ద కనిపించాడు. "మన గట్టు మీద దొంగలెవరబ్బయ్యా? తలుపు తీసి పెట్టి పోయినా చెంబు పోలేదు ఇంతవరకూ. ఇంకోసారి ఆ మాట అనబాక."

ఆదివారం ఆరాధనలో, మైలేజీ గురించి దేవుడి ముందు ఆలోచించడం సబబు కాదని కాసేపు మానేశాను. ఆరాధన అయ్యాక అక్క చర్చి ఆవరణలో ఆడవాళ్ళను ఎక్కించుకుంటూ, "వచ్చే వారం నుంచి నడిచి పోవాలేమో," అంది నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దావిడ బండి తలుపు మీద చెయ్యేసి, "పోనీలేమ్మా, ఇన్నాళ్ళు ఎక్కినాం గదా," అంది. పోయిన మనిషి గురించి మాట్లాడినట్టుంది. అక్క నడిపినంతసేపూ అద్దంలోకి తప్ప ఎటూ చూడలేదు. నేను వెనక సీట్లో ఉన్నాను. అద్దంలో ఆమె కళ్ళు తడిగా ఉన్నాయని నాకనిపించింది. ఇసుక అయివుండవచ్చు. మా వైపు ఇసుక ఎక్కువ.

సోమవారం మధ్యాహ్నం కరెంటు పోయింది.

రొయ్యల గుంటల్లో నీళ్ళను చిలికే ఫ్యాన్లుంటాయి. కరెంటు పోతే అవి ఆగుతాయి, ఆగితే నీళ్ళలో గాలి తగ్గుతుంది, తగ్గితే రొయ్యలు ఎక్కువసేపు ఓర్చుకోవు. అందుకే ఆ చప్పుడు ఆగిందంటే ముద్ద నోట్లో పెట్టుకున్నవాడు కూడా చెయ్యి కడగకుండా లేస్తాడు. బావ షెడ్డులోకి పరుగెత్తాడు. మా జనరేటర్ దగ్గి, అందుకుంది. అంతలో పక్క గట్టు మీద నుంచి ఒక కేక.

"అన్నోయ్! ఎత్తుకుంటుండా!"

షెడ్డులోంచి బావ, తిరిగి చూడకుండానే: "ఎత్తుకోబ్బా!"

పక్క గుంట రైతు పరుగున వచ్చాడు. ఒక చేతిలో క్యాను, మెడలో దండలాగా పైపు ముక్క. నేను పికప్ సీట్లో కూర్చుని డీజిల్ ముల్లు వైపు చూస్తూ ఉన్నాను. నాకు నమస్కారం పెట్టి, గుడ్డ పీలిక విప్పి, పైపు ట్యాంకులో దించి, నోటితో పీల్చి, పక్కకు ఉమ్మేసి, క్యానులోకి వదిలాడు. అంతా ఎంత అలవాటుగా జరిగిందంటే, క్యాను సగం నిండేదాకా నాకు అడగాలని తోచలేదు.

"ఏందన్నా ఇది?"

"డీజిలు సార్."

"అది తెలిసింది. ఎప్పుడూ ఇట్లాగే తీసుకుంటావా?"

"అబ్బే, ఎప్పుడూ ఏంది సార్. కరెంటు పోయినప్పుడే."

కరెంటు ఈ మధ్య ఎంత ఓపిగ్గా పోతోందో మాకిద్దరికీ తెలుసు.

"మళ్ళీ ఇస్తావా?"

ఆయన నొచ్చుకున్నాడు. "ఇయ్యకుండా ఎట్లా సార్? మర్నాడు పొద్దన్నే తెచ్చి పోసేస్తా. కావాలంటే అన్ననడగండి, ఒక్క చుక్క బాకీ ఉంటే."

"బండిలోనేనా?"

"పొద్దన బండి యాడుంటాది సార్? అక్క ఏసకపోయుంటాది. అన్న నిద్రలో ఉంటాడు, రాత్రంతా గుంట కాడ కాపలా గదా. నేనే షెడ్డులో డ్రమ్ములో పోసి, లేసినాక చెప్తా, పోసేసినా అన్నా అని. సరే అంటాడు."

అక్క మజ్జిగ చెంబుతో అప్పుడే వచ్చింది. చెంబు నాకివ్వలేదు. షెడ్డు వైపు చూసింది. అక్కడ తువ్వాలు తీసేసిన జనరేటర్ హోరుమంటోంది.

"అయితే," అంది, "నేను తోలినందుకు తాగినదంతా ఆడుండాదా?"

బావను బయటికి పిలిచాం. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి విన్నాడు. మొదటిసారి అర్థం కాలేదు.

"అయ్యో, అది అప్పుగాదబ్బయ్యా. అతను ఇచ్చేస్తాడు గదా!"

"ఇచ్చేస్తాడు బావా. కాకపోతే బండి దగ్గర తీసుకుని, జనరేటర్‌కి ఇస్తుండాడు."

"ఇంట్లోదే గదా రెండూ!"

"అదే నేను చెప్పేది."

బావ పికప్ వైపు చూశాడు. డ్రమ్ము వైపు చూశాడు. ఇన్నాళ్ళూ పోయింది పోయినట్టు, వచ్చింది వచ్చినట్టు ఉంది, దేవుడి దయ వల్ల ఎవరూ ఎవరికీ బాకీ లేరు. ఆయన దృష్టిలో ఇచ్చేసినదాన్ని లెక్కలో పెట్టుకోవడం మర్యాద కాదు. మర్యాదగా మర్చిపోయాడు. మర్చిపోయినదంతా మా అక్క ఖాతాలో పడింది.

"నీ జనరేటర్ ఎప్పుడు తెచ్చుకున్నావన్నా?" అని పక్క గుంట రైతును అడిగాను.

"ఈ ఎండలు మొదలైనప్పుడు సార్. అన్నదాన్ని చూసి అదే రకం తెచ్చినా. ఆ తర్వాత అన్న ఇది అసలు తాగదని చెప్పినాడు గదా. అందుకే నేను డీజిల్ పెద్దగా తెచ్చి పెట్టుకోను." క్యాను మూత బిగించాడు. "నాది మాత్రం ఎందుకో తాగతాండాది. అన్నది మంచి పీసు పడింది."

ఇంకేమీ అనకుండా పోనిచ్చాం. ఆయన రొయ్యలు ఎదురుచూస్తున్నాయి.

బావ షెడ్డు గడప మీద కూర్చున్నాడు. అక్క నిర్దోషి అని తేలినందుకు ఆయన ముఖంలో ఏదన్నా కనిపిస్తుందేమోనని చూశాను. ఆయన జనరేటర్‌నే చూస్తున్నాడు.

"అంటే అబ్బయ్యా," అన్నాడు చివరికి, "ఇది కూడా అందరిదాని మాదిరే తాగతాదా?"

"అంతే బావా."

"ఎంతమందికి చెప్పినానో!" తువ్వాలు చేతిలోకి తీసుకుని మళ్ళీ, "చర్చిలో కూడా చెప్పినా."

సాయంత్రం నిమ్మకాయల వ్యాపారి వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. టైరును తన్నాడు.

"ఎంతిస్తాండాది అన్నా?"

బావ గొంతు సవరించుకున్నాడు. అక్క వంటింటి కిటికీ దగ్గరుంది. గిన్నెల చప్పుడు ఆగింది.

"నేను తోలితే పన్నెండు," అన్నాడు బావ. "మా ఇంట్లో ఆమె తోలితే పన్నెండున్నర."

వ్యాపారి తల ఊపాడు. మూడు తీసేశాడని ముఖంలో తెలిసిపోతోంది. "తొమ్మిదంటే కష్టమన్నా. ధర తగ్గాల."

"తగ్గేదానికి అమ్మితే గదబ్బా," అన్నాడు బావ. "అమ్మటంలా. టీ తాగిపో."

వ్యాపారి ముందు చెప్పిన ఆ అర కిలోమీటరు తప్ప, అక్కతో ఆయన వేరే ఏమీ అన్నట్టు నాకు తెలియదు. కానీ రాత్రి భోజనాల దగ్గర, వ్యాపారికి చూపించడానికని తీసుకున్న పికప్ తాళం చెవి ఆమె కంచం పక్కన పెట్టి, "నీ దగ్గరే ఉండనీ, నా జేబులో గుచ్చుకుంటాండాది," అన్నాడు. అక్క దాన్ని కొంగుకు ముడేసుకుని, ఆయనకు ఇంకో చేప ముక్క వేసింది. ఆయన వద్దనలేదు.

మంగళవారం పొద్దున నన్ను నెల్లూరులో దించడానికి అక్క బండి స్టార్ట్ చేసింది. సరిగ్గా అప్పుడే పక్క గుంట రైతు నిండు క్యానుతో గట్టు దిగొచ్చాడు. అంత పొద్దున బండి అక్కడ ఉండడం ఆయనకు కొత్త. షెడ్డు వైపు రెండడుగులు వేసి, ఆగి, బండి వైపు చూసి, మళ్ళీ షెడ్డు వైపు చూశాడు.

"ఈడ పొయ్యన్నా," అని అక్క ఇంజను ఆపి, దిగి, తనే గుడ్డ పీలిక విప్పింది.

షెడ్డులోంచి బావ గొంతు వినిపించింది. ఆ రోజు నిద్రపోలేదనుకుంటా.

"కాస్త డ్రమ్ములో గూడా పొయ్యబ్బా. మధ్యాహ్నం పక్కూరోళ్ళు చూసేదానికి వస్తుండారు."

"ఒక్క చుక్క ఆడ పడిందంటే చూడు," అంది అక్క, క్యాను పట్టుకోవడానికి తన చెయ్యి కూడా సాయం వేస్తూ.